నాలుగు ముక్కల్లోంచి ఐదు తీయగలమా?

అరకు మూడోవంతు కలిపితే ఎంత? ఆరో తరగతి గదిలో ఈ లెక్క బోర్డు మీద రాసి పిల్లల్ని చేయమంటే, కొన్ని నోటుపుస్తకాల్లోనైనా 2/5 అన్న జవాబు కనిపిస్తుంది. పైన ఉన్న రెండు ఒకట్లూ కలిపితే రెండు, కింద ఉన్న రెండూ మూడూ కలిపితే ఐదు. టీచరు ఇంటూ కొట్టి, హారాలు సమానం చేయాలి, క.సా.గు. తీయాలి అని పద్ధతి మళ్లీ చెబుతారు. పిల్లలు మళ్లీ రాసుకుంటారు. నెల తిరిగేసరికి ఇంకో పరీక్షలో అదే తప్పు, అదే చేతిరాతలో.

దీన్ని అజాగ్రత్త కింద తీసిపారేయకూడదు. 2/5 అంటే సగానికన్నా తక్కువ. సగంతో మొదలుపెట్టి దానికి ఇంకొంత కలిపితే సగానికన్నా తక్కువ ఎలా అవుతుంది? ఆ అనుమానం పిల్లకు రాలేదంటే, 1/2 అన్నది ఆమెకు ఒక సంఖ్యగా కనిపించడం లేదన్నమాట. ఒకటి, రెండు అనే రెండు విడి సంఖ్యలు, వాటి మధ్య ఒక గీత మాత్రమే కనిపిస్తున్నాయి. పద్ధతి ఎన్నిసార్లు చెప్పినా ఆ చూపు మారదు.

పైగా ఆ పిల్ల ఊరికే అలా కలపలేదు. ఆమె ప్రోగ్రెస్ కార్డు తీసి చూస్తే తెలుగులో 18/20, లెక్కల్లో 15/20, మొత్తం 33/40 అని ఉంటుంది. పైవి పైవాటితో, కిందవి కిందవాటితో కలిపి స్వయంగా టీచరే వేసిన లెక్క అది. తప్పేమీ లేదు. మార్కుల్లో గీత కింది సంఖ్య ‘ఎన్నింటికి’ అన్నది చెబుతుంది. రెండు పరీక్షలు కలిసినప్పుడు మొత్తం కూడా ఇరవై నుంచి నలభైకి పెరుగుతుంది. భిన్నాల కూడికలో అలా కాదు. అరా, మూడోవంతూ ఒకే ‘ఒకటి’లోవి, ఆ ఒకటి మారదు. 18/20కి 15/20ని భిన్నాలుగా కలిపితే 33/20 వస్తుంది, అంటే ఒకటిన్నర దాటుతుంది. మార్కులుగా కలిపితే 33/40, ఒకటికన్నా తక్కువ. రాత ఒకటే, లెక్కలు రెండు. ఈ రెండింటినీ బోర్డు మీద పక్కపక్కన పెట్టి, ఏది ఎప్పుడు సరైనదో పిల్లల చేతనే వాదింపజేస్తే గంట సేపు పడుతుంది. క.సా.గు. పద్ధతి పదిసార్లు రాయించడం కన్నా ఆ గంట ఎక్కువ పని చేస్తుంది.

ఈ ఇబ్బంది మన బడులకే పరిమితం కాదు. అమెరికాలో 1978లో జరిగిన జాతీయ మదింపులో పదమూడేళ్ల పిల్లల్ని ఒక అంచనా ప్రశ్న అడిగారు: 12/13కి 7/8 కలిపితే సుమారుగా ఎంత? ఎంచుకోవడానికి 1, 2, 19, 21 ఇచ్చారు. లెక్క కట్టనక్కర్లేదు. రెండు భిన్నాలూ ఒకటికి కాస్త తక్కువ, కాబట్టి మొత్తం రెండుకు దగ్గర. ఆ జవాబు గుర్తించినవారు 24 శాతం. 19 అని గానీ 21 అని గానీ గుర్తించినవారు సగానికి పైనే. పైవి కలిపితే పంతొమ్మిది, కిందవి కలిపితే ఇరవై ఒకటి కదా! 2014లో అదే ప్రశ్నను అక్కడి ఎనిమిదో తరగతి పిల్లలకు మళ్లీ ఇస్తే 27 శాతం మంది సరిగా చెప్పారు. ముప్పై ఆరేళ్లలో వచ్చిన మార్పు అంతే.

మన దేశంలో 2024 డిసెంబరు 4న పరఖ్ రాష్ట్రీయ సర్వేక్షణ్ పేరిట 3, 6, 9 తరగతుల పిల్లలు 21 లక్షల మందికి పైగా పరీక్ష రాశారు. ఆరో తరగతి గణితంలో పరీక్షించిన సామర్థ్యాల్లో ఒకటి ఇది: అర, పావు లాంటి రోజువారీ భిన్నాలను మొత్తంలో భాగంగా, సంఖ్యారేఖ మీద ఒక స్థానంగా, పూర్ణాంకాల భాగహారంగా చూపి పోల్చగలగడం. అది చేయగలిగినవారు 29 శాతం. ఆ వాక్యంలో మూడు విషయాలున్నాయి. మన పాఠాలు మొదటిదాని దగ్గర చాలాసేపు ఉంటాయి, మిగిలిన రెండింటినీ తొందరగా దాటేస్తాయి. చిక్కంతా అక్కడే ఉంది.

పిల్లలు బడికి వచ్చిన మొదటి నాలుగేళ్లూ పూర్ణాంకాలతోనే గడుపుతారు. ఐదు తర్వాత ఆరు. అంకె పెద్దదైతే సంఖ్య పెద్దది. గుణిస్తే పెరుగుతుంది, భాగిస్తే తగ్గుతుంది. ఒక్కో సంఖ్యకు ఒకటే రాత. ఇవన్నీ నిజాలే, రోజూ అక్కరకొచ్చేవే. భిన్నాల దగ్గర వీటిలో ఒక్కటీ నిలవదు. 1/8లో ఎనిమిది ఉన్నా అది 1/4కన్నా చిన్నది. 1/2 తర్వాత వచ్చే సంఖ్య ఏదంటే జవాబు లేదు, ఏ రెండింటి మధ్య చూసినా ఇంకొకటి ఉంటుంది. ఆరును అరతో గుణిస్తే మూడుకు తగ్గుతుంది. ఒకే విలువను 1/2 అనీ 2/4 అనీ 50/100 అనీ రాయొచ్చు. పాత అలవాటును కొత్తచోటా వాడబోయి తప్పటాన్ని పరిశోధకులు పూర్ణాంకాల పక్షపాతం అంటారు.

అలాగని భిన్నాలను పూర్తిగా వేరే లోకంగా చూపడం కూడా తప్పే. అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త రాబర్ట్ సీగ్లర్ ఏళ్లుగా చెబుతున్నది ఇదే: నియమాలు ఎన్ని మారినా ఒకటి మాత్రం మారదు. ప్రతి సంఖ్యకూ ఒక పరిమాణం ఉంటుంది, దాన్ని బట్టి సంఖ్యారేఖ మీద దానికొక చోటు ఉంటుంది. 7కి ఉన్నట్టే 7/4కూ ఉంటుంది. పిల్లలు పూర్ణాంకాల నుంచి భిన్నాల్లోకి వెళ్లడానికి దారి అదే.

ఇప్పుడు పాఠ్యపుస్తకంలోని బొమ్మ దగ్గరికి వద్దాం. గుండ్రటి రొట్టె, నాలుగు సమాన భాగాలు, మూడింటికి రంగు. ‘నాలుగింట మూడు’. ఒకటికన్నా చిన్న భిన్నాలకు ఈ బొమ్మ చక్కగా సరిపోతుంది. తర్వాతి పేజీలో 5/4 వస్తుంది. నాలుగు ముక్కల్లోంచి ఐదు ఎలా తీస్తారని పిల్లలు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. నేర్పిన నిర్వచనం ప్రకారం అది అసాధ్యం. దానికి తోడు ‘అపక్రమ భిన్నం’ అనే పేరు చెప్పేసరికి, ఇదేదో పద్ధతి తప్పిన భిన్నమనీ దీన్ని వెంటనే మిశ్రమ భిన్నంగా మార్చేయాలనీ అనుకుంటారు.

దీనికి మందు చాలా దగ్గర్లో ఉంది. ముందు పావును ఒక వస్తువుగా పరిచయం చేయాలి. ఒకటిని నాలుగు సమాన భాగాలు చేస్తే వచ్చేది పావు. ఇక దాన్ని లెక్కపెట్టడమే. ఒక పావు, రెండు పావులు, మూడు పావులు, నాలుగు పావులు. ఇక్కడికి ఒకటి నిండింది, లెక్క మాత్రం ఆగక్కర్లేదు. ఐదు పావులు, ఆరు పావులు, ఎనిమిది పావులకు రెండు. ఐదు పావులు అనగానే అది ఒకటింపావు అని చాలామంది పిల్లలు ఎవరూ చెప్పకుండానే అంటారు. గడియారం దగ్గర ఐదుంపావు, ఆరున్నర అని ఇంట్లో రోజూ వింటున్నారు కదా. ‘నాలుగింట ఐదు’ అన్నప్పుడు పుట్టిన చిక్కు ‘ఐదు పావులు’ అన్నప్పుడు పుట్టదు. పూర్ణాంకాలు ఒకట్ల లెక్కయితే ఇవి పావుల లెక్క, లెక్కపెట్టే తీరు ఒక్కటే. 2024లో ఎన్‌సీఈఆర్‌టీ తెచ్చిన ఆరో తరగతి పుస్తకం ‘గణిత ప్రకాశ్’ కూడా భిన్నాలను ఈ వైపు నుంచే మొదలుపెట్టింది. ముందు పావు, మూడోవంతు లాంటి భిన్న ప్రమాణాలు, ఆ తర్వాత అవి ఎన్ని అన్న లెక్క. ఇది సరైన వరుస.

పెద్దలకు ఈ లెక్క చేతివేళ్ల మీద ఉండేది. 1957 ఏప్రిల్ 1 దాకా రూపాయికి పదహారు అణాలు. అణా పదహారో వంతు, బేడ ఎనిమిదో వంతు, పావలా నాలుగో వంతు. నాలుగు బేడలు అర్ధరూపాయి అని చెప్పడానికి ఎవరూ క.సా.గు. తీయలేదు. దశాంశ పద్ధతి వచ్చాక కూడా ఇరవై ఐదు పైసల నాణెం పావలాగానే నడిచింది. 2011 జూన్ 30తో అదీ చెల్లకుండా పోయింది. ఇప్పటి పిల్లల చేతికి రూపాయిలో వంతు అనదగ్గ నాణెం దాదాపుగా రాదు. కూరగాయల కొట్లో పావుకిలో అని అడిగినా కాటా మీద 0.250 అని పడుతుంది. ఒకప్పుడు బజారు ఉచితంగా నేర్పిన భాగాన్ని ఇప్పుడు బడి పనిగట్టుకుని నేర్పాలి.

పాత కొలపాత్రలు ఇంకా కొన్ని ఇళ్లలో ఉన్నాయి. ప్రాంతాన్ని బట్టి కొద్ది తేడాలున్నా వాడుకలో ఉన్న వరుస ఇది: నాలుగు గిద్దెలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం. పిల్లల చేతికి ఒక గిద్దె ఇచ్చి బియ్యం కొలవమంటే, అదే గిద్దె సోలలో నాలుగో వంతు, తవ్వలో ఎనిమిదో వంతు, మానికలో పదహారో వంతు అని చేత్తోనే తెలుసుకుంటారు. బియ్యం మారలేదు, పాత్ర మారలేదు. దేన్ని ‘ఒకటి’ అనుకున్నామన్నది మారింది. రష్యాలో వి.వి. దవీదోవ్ రూపొందించిన గణిత పాఠ్యక్రమం సంఖ్య అనేదాన్నే కొలతతో మొదలుపెడుతుంది. ఒక ప్రమాణం తీసుకుని కొలవాలి. సరిగ్గా సరిపోతే పూర్ణాంకం వస్తుంది, మిగిలితే చిన్న ప్రమాణం కావాల్సి వస్తుంది. ఆ దారిలో వచ్చిన పిల్లలకు భిన్నం అకస్మాత్తుగా ఎదురుకాదు.

సంఖ్యారేఖను పిల్లలు గీత మీద గుర్తులుగా కాక, పొడవులుగా అనుభవించాలి. దానికి పాత దినపత్రిక చాలు. జానెడు పొడవు, రెండు వేళ్ల వెడల్పు ఉన్న పట్టీలు నాలుగైదు కత్తిరించాలి, అన్నీ ఒకే పొడవు ఉండాలి. ఒక పట్టీ పొడవు ‘ఒకటి’. గచ్చు మీద సుద్దతో పొడవాటి గీత గీసి ఎడమవైపు 0 రాసి, అక్కణ్నుంచి పట్టీ ఆనించి కొసన 1, పట్టీని జరిపి 2, మళ్లీ జరిపి 3 రాయాలి. తర్వాత పట్టీని సగానికి, మళ్లీ సగానికి మడిచి విప్పితే మూడు మడతలు, నాలుగు భాగాలు. 0 దగ్గర ఆనించి ప్రతి మడత దగ్గరా 1/4, 2/4, 3/4 గుర్తు పెట్టాలి. నాలుగో భాగం కొసన అప్పటికే 1 ఉంటుంది. పిల్లలు అక్కడ ఆగి, ఇక్కడ ఒకటుందిగా, మళ్లీ రాయాలా అంటారు. రాయాలి. 1 కిందనే 4/4. పట్టీ జరిపితే 5/4, 6/4, 7/4, ఆపైన 2 కింద 8/4, 3 కింద 12/4. పూర్ణాంకాలు తమ చోట్లలో తామున్నాయి, భిన్నాలు వచ్చి వాటి మధ్యా వాటి మీదా కూర్చున్నాయి.

అదే పట్టీని ఇంకోసారి మడిస్తే ఎనిమిది భాగాలు. రెండో మడత సరిగ్గా 1/4 గుర్తు మీదే పడుతుంది. 2/8కీ 1/4కీ తేడా లేదని అప్పుడు ఎవరూ చెప్పక్కర్లేదు.

మూడు భాగాలు మడవడం కష్టం, అంచనా తప్పుతుంది. అక్కడ రూళ్ల నోటుపుస్తకం పనికొస్తుంది. పట్టీ ఒక కొస ఏదో ఒక రూలు మీద, రెండో కొస అక్కణ్నుంచి పదిహేనో రూలు మీద పడేలా ఏటవాలుగా పెట్టి, ఐదో రూలూ పదో రూలూ పట్టీని దాటే చోట చుక్క పెడితే మూడు సమాన భాగాలు వచ్చేస్తాయి. రూళ్ల మధ్య దూరం అంతటా ఒకటే కాబట్టి, వాటిని ఏటవాలుగా దాటే పట్టీ కూడా సమానంగానే తెగుతుంది. ఐదు భాగాలు కావాలంటే మూడో రూలు, ఆరో రూలు, తొమ్మిది, పన్నెండు.

ఈ గీత మీద ఒక పరీక్ష పెట్టి చూడాలి. 0 నుంచి 3 దాకా ఉన్న గీత మీద 1/2 ఎక్కడో చూపమంటే, కొందరు పిల్లలు ఒకటిన్నర దగ్గర వేలు పెడతారు. వాళ్లు గీతలో సగం చూపారు. గిద్దె దగ్గర నేర్చుకున్నదే ఇక్కడ అడ్డొచ్చింది, సగం అంటే దేనిలో సగం అని చూడాలి కదా. సంఖ్యారేఖ మీద ‘ఒకటి’ ముందే స్థిరపడిపోయింది, 0 నుంచి 1 దాకా ఉన్న పట్టీ పొడవే ఒకటి. మూడులో సగం వేరు, 1/2 అనే సంఖ్య వేరు. ఈ తేడా తెలియకపోతే ముందు చెప్పినదంతా మళ్లీ తారుమారవుతుంది.

పూర్ణాంకాన్ని భిన్నంగా రాయడం మన దేశంలో చాలా పాత సంగతి. 1881లో పెషావర్ దగ్గర బఖ్షాలీ అనే ఊళ్లో దొరికిన భూర్జపత్ర ప్రతి ఇప్పుడు ఆక్స్‌ఫర్డ్‌లోని బోడ్లియన్ గ్రంథాలయంలో ఉంది. అందులో భిన్నాలను మధ్యన గీత లేకుండా, లవం పైనా హారం కిందా రాశారు. పూర్ణాంకాలకు కూడా కింద 1 వేశారు. 1150 నాటి లీలావతిలో భాస్కరాచార్యుడు దీన్ని సూత్రంగానే చెప్పాడు: హారం లేని సంఖ్యకు హారం ఒకటి అనుకోవాలి. మధ్యన గీత గీయడం ఆ శతాబ్దంలోనే మొరాకో గణితవేత్త అల్ హస్సార్ రాతల్లో కనిపిస్తుంది. తెలుగుకు వస్తే, తొమ్మిదో శతాబ్దపు మహావీరాచార్యుడి గణితసారసంగ్రహాన్ని పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు, అందులో భిన్నాల గణితం ఒక ప్రధాన భాగం. 3ను 3/1గా చూడటం పెద్ద తరగతుల్లో వచ్చే సాంకేతిక ఉపాయం అనుకోవడం పొరపాటు. అమెరికాలో 2010లో వచ్చిన ఉమ్మడి పాఠ్యప్రమాణాలు దాన్ని మూడో తరగతిలోనే పెట్టాయి.

సర్వేక్షణ్ వాక్యంలోని మూడో విషయం భాగహారం. మూడును నాలుగుతో భాగించలేం, చిన్నదాన్ని పెద్దదానితో భాగించడం కుదరదు అని చిన్న తరగతుల్లో చాలాచోట్ల చెప్పేస్తారు. రెండేళ్ల తర్వాత దాన్ని వెనక్కి తీసుకోవాల్సి వస్తుంది, కాబట్టి అసలు చెప్పకపోవడమే మేలు. మూడు రొట్టెలు నలుగురు పిల్లల ముందు పెట్టి సమానంగా పంచుకోమంటే వాళ్లు ఏడవరు, పంచుకుంటారు. చాలామంది ముందు రెండు రొట్టెల్ని సగం చేసి తలో అర తీసుకుంటారు, మిగిలినదాన్ని నాలుగు చేసి తలో పావు. అరా పావూ కలిపి ముప్పావు. మూడును నాలుగుతో భాగిస్తే 3/4. ఐదు రొట్టెలుంటే ఒకటింపావు, ఎనిమిదుంటే రెండు. ముంబయిలోని హోమీ భాభా విజ్ఞాన విద్యా కేంద్రం పరిశోధకులు పంపకాన్నీ కొలతనూ జోడించి భిన్నాలు నేర్పే దారి మీద పనిచేశారు. ఈ దారిలో పోలికలు కూడా పద్ధతి లేకుండానే తేలతాయి. నలుగురికి మూడు రొట్టెలున్న చోట కూర్చుంటావా, ఐదుగురికి నాలుగున్న చోటనా? మొదటి చోట ఒక్కొక్కరికీ పూర్తి రొట్టెకు పావు తక్కువ, రెండో చోట ఐదోవంతు తక్కువ. ఐదోవంతు చిన్నది కాబట్టి రెండో చోటే నయం.

ఇంత శ్రమ ఎందుకంటే, భిన్నాల దగ్గర తప్పిన అడుగు చాలా దూరం వెంట వస్తుంది. సీగ్లర్, ఆయన సహచరులు బ్రిటన్, అమెరికాల్లో పిల్లల్ని ఏళ్ల తరబడి అనుసరించిన సమాచారాన్ని పరిశీలించి 2012లో ఫలితాలు ప్రచురించారు. పదేళ్ల వయసులో భిన్నాలు, భాగహారం ఎంత వచ్చన్నదాన్ని బట్టి పదహారేళ్లకు బీజగణితం, మొత్తం గణితం ఎలా ఉంటాయో చెప్పగలిగారు. తెలివితేటలు, కుటుంబ ఆదాయం, తల్లిదండ్రుల చదువు లెక్కలోకి తీసుకున్నాక కూడా ఆ సంబంధం నిలిచింది. కూడిక, తీసివేత, గుణకారాలకు అంత బలమైన సంబంధం కనిపించలేదు.

అందుకే ఈ పని పిల్లలతో కాక టీచర్లతో మొదలుకావాలి. గణిత విద్యా పరిశోధకురాలు లిపింగ్ మా 1999లో ప్రచురించిన పుస్తకంలో చైనా, అమెరికా ప్రాథమిక ఉపాధ్యాయులకు ఒక లెక్క ఇచ్చారు: ఒకటిముప్పావును అరతో భాగించి, దానికి సరిపోయే కథ చెప్పండి. చైనా ఉపాధ్యాయులు 72 మందీ లెక్క సరిగా చేశారు, ఎక్కువమంది కథా చెప్పారు. అమెరికా ఉపాధ్యాయుల్లో లెక్క సరిగా ముగించినవారు సగం కూడా లేరు, నికరంగా నిలిచే కథ దాదాపు రాలేదు. కొందరు అరతో భాగించడాన్ని సగం చేయడం అనుకున్నారు.

మన ఉపాధ్యాయ శిక్షణలోనూ ఈ లెక్క పెట్టి చూడాలి. కథ కష్టమేమీ కాదు. ఒకటిముప్పావు లీటరు పాలున్నాయి, అరలీటరు గిన్నెల్లో పోయాలి, ఎన్ని గిన్నెలు? మూడు గిన్నెలు నిండుతాయి, ఒకటిన్నర లీటర్లు అయిపోతాయి, పావులీటరు మిగులుతుంది. తిరగేసి గుణిస్తే జవాబు మూడున్నర. మిగిలింది పావు కదా, జవాబులో అర ఎక్కడిది? పాలు లీటర్లలో కొలిస్తే మిగిలింది పావు, గిన్నెల్లో కొలిస్తే మిగిలింది అర గిన్నె. ప్రశ్న గిన్నెల గురించి. ఈ మాట టీచరు చెప్పేయకుండా, నిజం గిన్నెలూ నీళ్లూ ముందు పెట్టి, పిల్లల్లో ఎవరో ఒకరు చెప్పేదాకా ఆ లెక్కను బోర్డు మీదే ఉంచాలి.